సుంకరితో సుఖదుఃఖాలు

ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఒకే ప్రశ్నను అనువాదం చేశాను.
త్రియెస్తే పైన, రాళ్ళ పీఠభూమి మీద,
ఫెర్నెత్తి గేటు దగ్గర
నెరేవో ఫుర్లానిచ్ ఇటాలియన్‌లో అడిగేవాడు,
నేను స్లొవీన్‌లో తిప్పి అడిగేదాన్ని:
చెప్పుకోవలసిందేమైనా ఉందా?

సుంకరితో సుఖదుఃఖాలు చెప్పుకోకూడదంటారు.
జనం చెప్పుకునేవారు.
కోడిగుడ్ల బుట్ట దింపి కోడలి గురించి,
సారా సీసా దాచి చచ్చిపోయిన ఆవు గురించి.
నేను మార్చి చెప్పినంతసేపూ ఓపిగ్గా విని
సీసా మాత్రం బల్ల మీద పెట్టించేవాడు.

కింద ఓడరేవులో గుమాస్తాగా మొదలయ్యాడట.
కాఫీ బస్తాలో ఇనప గొట్టం గుచ్చి
నాలుగు గింజలు అరచేతిలో రాల్చుకుని
ఏ దేశపు వాన తాగాయో చెప్పేవాడట.
నేను చేరేనాటికి ఆ ముక్కు
మనుషుల మీద పనిచేస్తోంది.
భయం వాసన నాకు తెలియదు, అనేవాడు,
అబద్ధానిది మాత్రం తడిసిన గోనె వాసన.

శనివారాలు జీన్స్ రోజులు.
ఊళ్ళో కొన్న నాలుగు జతలూ ఒకదాని మీదొకటి తొడుక్కుని
మోకాళ్ళు వంగని కొయ్యబొమ్మల్లా
ఆడవాళ్ళు ఇంటిదారి పట్టేవారు.
అది అవతలి గేటువాళ్ళ తలనొప్పి, మాది కాదు.
అయినా టోపీ తీసి చెప్పమనేవాడు:
"అక్కడ కూర్చోమంటే కూర్చోకమ్మా."
అదీ తు.చ. తప్పకుండా అనువదించాను.

లంచం ఒక్కసారే చూశాను.
రసీదుల మధ్య ఒక కవరు.
ఆయన విప్పలేదు, త్రాసులో పెట్టాడు.
రిజిస్టరులో రాశాడు:
కాగితం, ముద్రించినది, అరవై గ్రాములు.
సుంకం వసూలు చేసి కవరు తిరిగిచ్చాడు.
ఆ లారీ యజమాని ముఖం తలుచుకుని
పదేళ్ళు నవ్వాం.

ఒక ఫిబ్రవరిలో, బోరా గాలి
లారీలను పక్కకి పడదోస్తున్న రోజున,
ఒక కుర్రాడు బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాడు.
లోపల వాళ్ళ నాన్న.
సముద్రంలో కలపమన్నాడట.
పన్నుల పుస్తకంలో సున్నానికి లెక్కుంది, ఉప్పుకుంది,
ఎముకల పొడికి కూడా ఉంది.
నెరేవో వేలు అక్కడ కాసేపు ఆగింది.
పుస్తకం మూసి రాశాడు:
సొంత సామాను. వాడినది.

తర్వాత డైరెక్టరయ్యాడు.
గది వచ్చింది, గదికో తెర వచ్చింది.
ఆ ఏడాదే తన బావమరిది లారీ పట్టుకున్నాడు.
తొలిచిన దుంగల్లో సిగరెట్లు.
లారీ పోయింది, దాంతోపాటు ఇల్లూ పోయింది.
రెండు ఈస్టర్లు వాళ్ళావిడ నీవెస్
బల్ల మీద ఒక పళ్ళెం తక్కువ పెట్టింది.
ఆయనదే.

రెండువేల నాలుగు, ఏప్రిల్ ఆఖరి రాత్రి
గేటు కొయ్య పైకి లేపి అలాగే వదిలేశారు.
అవతల బ్యాండు, ఇవతల ఎవరో పంచుతున్న వైను.
బంగాళాదుంపల వ్యాను ఒకటి వచ్చింది.
ఆపడానికి చెయ్యెత్తి, గడియారం చూసుకుని,
దించేశాడు.
ఆ చేతిని ఇంకేం చెయ్యాలో తెలియక
కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు డెబ్బై తొమ్మిది.
చూపు ఆనదు, కారు నేనే నడుపుతాను.
నెలకోసారి అవతలికి, చవక పెట్రోలుకి.
ఖాళీ గేటు గది దగ్గర ఆపమంటాడు,
అద్దం దించుతాడు,
ఎవరూ రారు. గాలి వస్తుంది.

మొన్న ఎందుకో నేనే అడిగాను, స్లొవీన్‌లో:
చెప్పుకోవలసిందేమైనా ఉందా?

"ఉంది," అన్నాడు.
ఇన్నేళ్ళూ రాదన్న భాషలో,
ఒక్క విభక్తి కూడా తప్పకుండా.
"దుంగల సంగతి ముందురోజే తెలుసు.
ఫోను చేస్తే ఆగిపోయేవాడు."

ఆవు చచ్చిపోయిన ముసలామె గుర్తొచ్చింది.
కోడలు, కొడుకు, వాళ్ళ ఏడుపులు,
అన్నీ రెండుసార్లు విన్నాడన్నమాట ఈ మనిషి.

ఎంతవుతుందన్నట్టు నా వైపు చూశాడు.
వెనక లారీ హారన్ కొట్టింది.
గేరు వేశాను.